క్షయ ఖాళీ చేసిన గది

ఆ ఇంట్లో ఉన్నవి రెండే గదులు. ఒకదాంట్లో పొయ్యి, బియ్యం డ్రమ్ము, దేవుని గూడు. రెండోదాంట్లో నేల మొదలు వాసాల దాకా పత్తి. రేపో మాపో రేటు పెరగకపోతుందా అని ఆపుకున్న పత్తి. దానికీ గోడకూ నడుమ ఒక నులక మంచం పట్టేంత సందు మిగిలింది. కార్తీక మాసం వచ్చిందంటే ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడ దిక్కు పల్లెల్లో ఇట్లాంటి ఇండ్లు చాలా కనిపిస్తాయి. మనుషులు ఒదిగి పత్తికి చోటిస్తారు.

రాత్రి రెండు దాటి ఉంటుంది. గొంతులోకి ఏదో వెచ్చగా ఎగదన్నింది. లేచి కూర్చునేలోపే ఆయన నోరు నిండింది. ఉప్పగా, తుప్పు పట్టిన ఇనుము నాకినట్టుగా ఉంది. మంచం కింద చెయ్యి పెట్టి తడిమి చెంబు అందుకున్నాడు. ఆ చప్పుడుకు భార్య లేచి బుగ్గ వేసింది.

చెంబులో సగం దాకా నెత్తురు. చెంబు అందే లోపల పడ్డది పత్తి మీద పడింది. ఆమె కళ్లు ముందు చెంబు మీదికి పోలేదు, పత్తి మీదికి పోయాయి. మరక పడ్డ పత్తిని మార్కెట్‌ల పక్కకు తోస్తారు కదా అని ఒక్క క్షణం అనిపించింది. ఆ ఒక్క క్షణానికి ఆమె తర్వాత చాలా రోజులు తనను తాను తిట్టుకుంది.

“ఏమయ్యా, గిదేంది గింత నెత్తురు?”

“ఏం కాలే. వేడి చేసింది. పండుకో.”

కథలో ముందుకు పోయేలోపు పాఠకులకు ఒక మాట చెప్పాలి. ఈ రైతు ఒక్క మనిషి కాదు. టీబీ తగ్గిన కొన్నేళ్లకు నెత్తురు కక్కుకునేవాళ్లు ఆదిలాబాద్, కరీంనగర్ పల్లెల నుంచి ఏ బాట పట్టి పోతారో, ఆ బాటనంతా ఒక మనిషి కాళ్ల కింద పరిచాను. ఇల్లు, అక్క, మాటలు నేను కూర్చినవి. జబ్బు, దాని గుణం, పరీక్షలు, వైద్యం, ఇందులో వచ్చే పేర్లు, ఏండ్లు మాత్రం ఉన్నవే.

ఎనిమిదేండ్ల కింద ఆయనకు టీబీ వచ్చింది. ఆశమ్మ ఇంటికొచ్చి గోలీలు ఇచ్చి పోయేది. ఆరు నెలలు ఒక్క రోజు తప్పకుండా మింగాడు. బరువు తిరిగొచ్చింది, జ్వరం పోయింది, కఫం పరీక్షలో టీబీ లేదని తేలింది. జబ్బు నయమైందని కార్డు మీద రాసిచ్చారు. ఆ రాసింది అబద్ధం కాదు. టీబీ నిజంగానే పోయింది, కానీ పోతూ పోతూ కుడి ఊపిరితిత్తి పైభాగంలో నిమ్మకాయంత గుంత చేసి పోయింది.

తర్వాత ప్రతి చలికాలం దగ్గు. అప్పుడప్పుడు తెమడలో నెత్తుటి చార. ఊర్లో ఆర్‌ఎంపీ సూది వేసేవాడు, రెండు రోజులు తెరిపిగా ఉండేది. వేడి చేసింది, సబ్జా గింజలు నానబెట్టి తాగమనేవాళ్లు ఇంటిపక్కవాళ్లు. నిరుడు నెత్తురు కాస్త ఎక్కువే పడితే పట్నంలో ఒక ప్రైవేటు క్లినిక్‌కు పోయాడు. ఎక్స్‌రే తీసి, ఊపిరితిత్తి పైన మచ్చ చూసి, ‘మళ్లీ తిరగబెట్టింది’ అన్నారు. కఫం పరీక్షకు పంపలేదు. టీబీ గోలీలే మళ్లీ మొదలు. రెండో రోజుకే మూత్రం నారింజ రంగుకు తిరిగింది. ఆ రంగు ఆయనకు పాత చుట్టమే కాబట్టి మందు పనిచేస్తుందనుకున్నాడు.

ఆ రాత్రి 108 బండి వచ్చేసరికి మూడున్నర. ఆదిలాబాద్ పెద్ద దవాఖానలో డ్యూటీ డాక్టరమ్మ చేసిన మొదటి పని మందు పెట్టడం కాదు. పాత జబ్బు ఏ పక్కన ఉండేదని అడిగింది. కుడి పక్క అని తెలియగానే ఆయన్ను కుడి పక్కకే తిప్పి పడుకోబెట్టింది. భార్యకు అర్థం కాలేదు. నొప్పి ఉన్న పక్కకే ఎందుకు ఒత్తిగిలబెట్టిందని గునిసింది.

సంగతి ఇది. ఇట్లా నెత్తురు కక్కుకునేవాళ్లలో ఎక్కువ మంది ఒంట్లో నెత్తురు తక్కువై చనిపోరు, ఊపిరాడక చనిపోతారు. గొంతు నుంచి ఊపిరితిత్తుల లోపలి కొమ్మల దాకా గాలి నడిచే దారి మొత్తం కలిపినా పట్టేది 150 మిల్లీలీటర్ల గాలే. ఒక పెద్ద టీ గ్లాసంత. అంత నెత్తురు ఒక్కసారి గడ్డ కట్టి అడ్డం పడితే చాలు. నెత్తురు కారే పక్క కిందికి ఉంటే అది అక్కడే ఉంటుంది, మంచి ఊపిరితిత్తి మునగకుండా గాలి పీల్చుకుంటుంది. రూపాయి ఖర్చు లేని వైద్యం. ఇంట్లో ఆ సందు మంచం మీదే ఎవరికైనా ఈ ముక్క తెలిసి ఉంటే, బండి వచ్చేదాకా ఆ గంటన్నర ఆయన కుడి పక్కనే పడుకునేవాడు.

తర్వాత సూది మందు. ట్రానెక్సామిక్ ఆసిడ్. గడ్డ కట్టిన నెత్తురు కరిగిపోకుండా పట్టి ఉంచుతుంది. జపాన్‌లో ఉతాకో ఒకమోతో, ఆమె భర్త షోసుకే కలిసి 1962లో లోకానికి చెప్పిన మందు. బాలింతల రక్తస్రావం ఆపాలన్నది ఆమె పట్టుదల. ఆ రాత్రి అది ఇచ్చోడ రైతుకు అక్కరకొచ్చింది. తెల్లారేసరికి నెత్తురు చారలకు తగ్గింది.

బయట వరండాలో పంచాయితీ నడిచింది. నాగ్‌పూర్ పోదామా, హైదరాబాదా? నాగ్‌పూర్ రెండు వందల కిలోమీటర్లు, హైదరాబాద్ మూడు వందలు. ఆదిలాబాద్ వాళ్లకు ఈ తూకం పాతదే. ఇంతలో కరీంనగర్ నుంచి అక్క ఫోను.

“ఏడికీ తోలకుండ్రి. నా దగ్గరికి తోలుకరాండ్రి. ఈడ ఛాతీ డాక్టరున్నడు. తమ్ముని పాత కాయిదాలన్నీ నా తాన్నే ఉన్నయి.”

అక్క బీడీలు చేస్తుంది. చాట ఒళ్లో పెట్టుకుని, ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టడం నలభై ఏండ్లుగా ఆమె బతుకు. చదువు రాదు. కానీ దవాఖాన కాగితం ఏదైనా సరే పారేయదు. తమ్ముడు టీబీ గోలీలు వాడిన ఆరు నెలల్లో నాలుగు నెలలు ఈమె ఇంట్లోనే ఉన్నాడు. అప్పటి ఎక్స్‌రే ఫిల్ములు తునికాకు సంచిలో చుట్టి అటక మీద పెట్టింది. ఎందుకు పెట్టావంటే ఆమె దగ్గర జవాబు లేదు. పైసలు పెట్టి తీయించిన ఫోటో ఎట్ల పారేస్తరు అంటుంది, అంతే.

రెండు రోజుల తర్వాత, నిర్మల్ మీదుగా గోదావరి దాటి, కిరాయి కారులో కరీంనగర్.

ఛాతీ డాక్టరు కొత్త ఎక్స్‌రేను లైటు పెట్టె మీద పెట్టి కాసేపు మాట్లాడలేదు. కుడి పైభాగంలో తెల్లగా గుండ్రటి ముద్ద. దాని నెత్తి మీద సన్నటి నల్లటి వంపు గీత, అచ్చం నెలవంక లాగ.

“పాత ఫోటోలేమన్నా ఉన్నాయా?” అన్నాడు. ఎవరూ తేరు ఎట్లాగూ అన్నట్టుగానే అడిగాడు.

అక్క సంచి విప్పింది.

తునికాకు వాసన వేస్తున్న ఆ ఫిల్మును కొత్తదాని పక్కన పెట్టాడు. అదే చోటు, అదే గోడలు. ఎనిమిదేండ్ల కింద ఆ గుంత ఖాళీ. ఇప్పుడు అందులో ఎవరో కాపురమున్నారు.

“అమ్మా, మీ తమ్మునికి టీబీ తిరగబెట్టలేదనుకుంటున్న. కఫం మళ్లా చూద్దాం. టీబీ ఖాళీ చేసిపోయిన గదిలో బూజు దిగింది.”

“బూజా? రొట్టె మీద పట్టే బూజు తీరుగనా?”

“ఆ చుట్టమే.”

దాని పేరు ఆస్పర్‌జిల్లస్. 1729లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో పియెర్ ఆంతోనియో మికేలి అనే వృక్షశాస్త్రవేత్త సూక్ష్మదర్శినిలో దాన్ని చూశాడు. ఆయన మతగురువు కూడా. సన్నటి కాడ, దాని కొనన చుట్టూ చిమ్మినట్టు బీజాలు. చర్చిలో తీర్థం చల్లే కుంచె గుర్తొచ్చి దాని పేరే పెట్టాడు. ఈ బూజు లేని చోటు లేదు. తడిసిన గడ్డివాములో, పెంటకుప్పలో, మక్క కంకుల్లో, పత్తిలో ఉంటుంది. కుళ్లే గడ్డివాము లోపల చెయ్యి పెట్టలేనంత వేడి పుడుతుందే, ఆ వేడిలో కూడా హాయిగా బతుకుతుంది. మిల్లీమీటరును మూడు నాలుగు వందల భాగాలు చేస్తే అందులో ఒక భాగమంత దీని బీజం. మీరూ నేనూ రోజూ వందల కొద్దీ పీలుస్తాం. మన ఒంటి కాపలాదార్లు వచ్చినదాన్ని వచ్చినట్టే ఊడ్చేస్తారు. టీబీ చేసిన గుంతలో మాత్రం ఆ కాపలా లేదు. గాలి ఆడుతుంది, తడి ఉంటుంది, గోడలకు నెత్తురు సరిగా పారదు కాబట్టి తరిమే దిక్కుండదు. ఒక్క బీజం నిలదొక్కుకుంటే చాలు. పోగు మీద పోగు అల్లుకుని, తెమడను, చచ్చిన కణాలను కలుపుకుని ఉండ అవుతుంది. డాక్టర్ల భాషలో ఆస్పర్‌జిల్లోమా, వాడుకలో ఫంగస్ బాల్.

మనిషి ఊపిరితిత్తిలో బూజును 1842లోనే ఎడిన్‌బరోలో జాన్ హ్యూస్ బెన్నెట్ చూసి రాశాడు. టీబీ గుంతకూ దీనికీ ఉన్న పొత్తు మాత్రం టీబీ మందులు వచ్చి మనుషులు బతకడం మొదలయ్యాకే సరిగా లెక్కకొచ్చింది. బ్రిటిష్ ట్యూబర్‌క్యులోసిస్ అసోసియేషన్ వాళ్లు టీబీ తగ్గినా 2.5 సెంటీమీటర్లు, అంతకు మించిన గుంత మిగిలిన 544 మందిని పట్టుకుని చూశారు. వాళ్లలో పావు వంతు మంది రక్తంలో ఈ బూజు తగిలిన గుర్తులు దొరికాయి. అది 1968 నాటి మాట. మన దేశంలో టీబీ ఎంతుందో లెక్కగట్టి, దాన్నిబట్టి చండీగఢ్ పీజీఐ డాక్టర్లు రితేశ్ అగర్వాల్, అరుణాలోక్ చక్రవర్తి, మాంచెస్టర్‌కు చెందిన డేవిడ్ డెన్నింగ్ కలిసి 2014లో ఒక అంచనా వేశారు. ఊపిరితిత్తుల్లో ఈ బూజు జబ్బు ముదిరి ఉన్నవాళ్లు దేశంలో దాదాపు 2 లక్షల 90 వేల మంది. ఈ జబ్బుకు టీబీలాగ రిజిస్టరు లేదు, కార్డు లేదు, గోలీలిచ్చే ఆశమ్మ లేదు. అందుకే టీబీ పేరు మీదే ఊరూరా తిరుగుతుంటుంది.

కఫంలో టీబీ లేదని మిషన్ పరీక్షలో తేలింది. ఆస్పర్‌జిల్లస్ ఐజీజీ అనే రక్తపరీక్ష బాగా ఎక్కువ చూపింది. ఇక సీటీ స్కాన్.

ఈ స్కాన్ గదిలో జరిగింది చూడాల్సిన ముచ్చట. మామూలుగా వెల్లకిలా పడుకోబెట్టి తీశారు. ఉండ గుంతలో వీపు వైపు గోడకు ఆని ఉంది, నెలవంక ఛాతీ వైపు ఉంది. అప్పుడు టెక్నీషియన్ మైకులో “అన్నా, బోర్ల పడుకో” అన్నాడు. బోర్లా పడుకోగానే మళ్లీ తీశారు. ఉండ దొర్లి ఛాతీ వైపు గోడకు వచ్చింది, నెలవంక వీపు పక్కకు మారింది. కుడక పట్టిన కొబ్బరికాయను చెవి దగ్గర ఊపితే లోపల గడగడమంటుంది చూశారా, అట్లా. ఒంట్లో గడ్డయితే కదలదు, క్యాన్సరైతే కదలదు. ఇది కదిలింది. గాజు అద్దం అవతల నిలబడి తెర చూస్తున్న అక్క కొడుకు “మామా, నీ లోపల గోటీ ఉన్నది” అన్నాడు స్కాన్ నుంచి బయటికొచ్చిన మేనమామతో. నవ్వాలో ఏడవాలో ఆయనకు తోచలేదు.

అయితే కోసి తీసేయొచ్చు కదా?

తీసేయొచ్చు. మిగతా ఊపిరితిత్తి బాగుండి, ఉండ ఒక్కటే పలుచటి గోడల గుంతలో ఉంటే, ఆ భాగాన్ని కోసి తీసేయడమే తిరుగులేని వైద్యం. యూరప్ డాక్టర్ల సంఘాల మార్గదర్శకాలూ అదే చెబుతాయి. ఇప్పుడు పెద్ద కోత లేకుండా, పక్కటెముకల సందుల్లో రెండు మూడు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో తీసే పద్ధతి కూడా ఉంది. కోత అనగానే భయపడి వద్దనడం తెలివి కాదు. కానీ ఈయన సంగతి వేరు. గుంత గోడలు మందమై పక్కటెముకలకు అతుక్కుపోయాయి. టీబీ రెండో పక్కను కూడా కొంత నమిలి పోయింది. గొట్టంలోకి గట్టిగా ఊదమంటే ఈ వయసు మనిషి ఊదాల్సినదాంట్లో సగం కూడా రాలేదు. సర్జన్ ఫిల్ములు చూసి సూటిగానే చెప్పాడు. “తీయగలను. తీశాక ఈయన తన ఊపిరి తాను పీల్చుకుంటాడని మాటియ్యలేను.”

ఆ రాత్రే కరీంనగర్ దవాఖానలో మళ్లీ నెత్తురు తన్నింది. ఈసారి చెంబు చాలలేదు.

“హైదరాబాద్ పంపుతున్నం” అన్నాడు డాక్టరు.

“ఎర్రగడ్డకా?” అన్నాడు ఆయన, అంత ఆయాసంలోనూ. “నాకు దమ్మున్నది గని పిచ్చి లేదు సారూ.”

ఛాతీ దవాఖానా, పిచ్చి దవాఖానా రెండూ ఎర్రగడ్డలోనే ఉండటంతో తెలంగాణలో తరాలుగా నడుస్తున్న గందరగోళం ఇది. నర్సమ్మలు కూడా నవ్వారు. ఆ నవ్వుతోనే స్ట్రెచర్ కదిలింది. రాజీవ్ రహదారి మీద నూట అరవై కిలోమీటర్లు, కుడి పక్కకు ఒత్తిగిలి, చేతికి సెలైన్‌తో. అక్క ఒళ్లో ఫిల్ముల సంచి.

ఊపిరితిత్తులకు నెత్తురు రెండు దార్ల వస్తుంది. పెద్ద దారి గుండె కుడి పక్క నుంచి. అది కాకతీయ కాలువ నీళ్లలాగ వెడల్పుగా, నిదానంగా పారుతుంది. రెండోది బ్రాంకియల్ ధమని. గుండెలోంచి వచ్చే పెద్ద ధమని నుంచే నేరుగా చీలుతుంది. మామూలుగా అగ్గిపుల్లకన్నా సన్నం, గుండె పంపే నెత్తురులో నూటికి ఒక వంతే దీని వాటా. కానీ వత్తిడి మాత్రం పెద్ద దారికి ఐదారు రెట్లు, మూడు ఫేజుల మోటారు పైపు లాగ. బూజు ఉండ గుంత గోడను ఏండ్ల తరబడి గీరుతుంటే, ఆ గోడకు నెత్తురు పంపడానికి ఈ సన్న దారి లావెక్కి, వంకరలు తిరిగి, కొత్త కొమ్మలు వేస్తుంది. ఒక రోజు అందులో ఒక కొమ్మ తెగుతుంది. ప్రాణం మీదికి తెచ్చే నెత్తురు పదింట తొమ్మిది సార్లు ఈ దారి నుంచే.

కాబట్టి ఛాతీ కోయకుండా ఈ పైపును లోపలి నుంచే మూస్తే? బ్రాంకియల్ ఆర్టరీ ఎంబొలైజేషన్ అంటే అంతే.

క్యాథ్‌ల్యాబ్ చల్లగా ఉంది. మత్తు లేదు, గజ్జల్లో చిన్న చోట తిమ్మిరి సూది మాత్రమే. రేడియాలజిస్టు సీసం చొక్కా తొడుక్కుని వచ్చి చెవి దగ్గర వంగాడు.

“అన్నా, మెలకువగనే ఉంటవు. నేను అడిగినప్పుడు కాలి వేళ్లు కదిలించాలె. దగ్గొస్తే ముందే చెప్పు.”

తొడ మొదట్లో నాడి కొట్టుకునే చోట సూది దిగింది. సూది బోలులోంచి సన్నటి తీగ లోపలికి జారింది. సూది బయటికి వచ్చేసింది, తీగ ఉండిపోయింది. తీగ మీదుగా రెండు మిల్లీమీటర్లు కూడా లేని మెత్తటి గొట్టం ఎక్కింది. చూడటానికి ఎంత మామూలు పనో! కానీ ఈ వరస మనిషికి తట్టడానికి 1953 దాకా పట్టింది. స్టాక్‌హోమ్‌లో స్వెన్ ఇవార్ సెల్డింగర్ అనే కుర్ర రేడియాలజిస్టు ఒక ప్రయత్నం విఫలమై చేతిలో సూది, తీగ, గొట్టం పట్టుకుని దిగాలుగా నిలబడ్డప్పుడు, ఏది ముందు ఏది వెనక అన్నది చటుక్కున తట్టిందట. అంతకుముందు ఇంత గొట్టం నాళంలోకి పోవాలంటే లావు సూదైనా పొడవాలి, నాళాన్ని కోసి తెరవనైనా తెరవాలి. ఇవాళ గుండెకు స్టెంట్ వేయించుకున్న ప్రతి తెలుగువాడూ ఆ దిగాలుకు బాకీ.

గొట్టం కొన పడగ విప్పినట్టు వంగి ఉంటుంది. దాని పేరే కోబ్రా. పెద్ద ధమనిలో ఎగబాకి, వెన్నుపూసల్లో ఐదు, ఆరు ఎదురుగా వచ్చేసరికి పడగను గోడకు ఆనించి పైకీ కిందికీ మెల్లగా గీరుతూ రంధ్రం వెతుక్కోవాలి. డాక్టరు వేళ్లు ఇక్కడ బీడీ చుట్టే వేళ్లంత నాజూకుగా కదలాలి. పావుగంట వెతికాక పడగ ఒకచోట చిక్కుకుంది. రంగు మందు ఎక్కించారు. ఛాతీలో వెచ్చగా ఏదో పాకినట్టయింది ఆయనకు. దగ్గు తన్నుకొచ్చింది. “వస్తున్నది సారూ” అన్నాడు. ఆగారు.

తెర మీద అప్పటిదాకా ఏమీ లేని బూడిద రంగులోంచి నల్లటి వేరు ఒకటి పుట్టింది. వానాకాలంలో పత్తి చెట్టును పీకితే తల్లి వేరు చుట్టూ పీచు వేర్లు ఎట్లా అల్లుకుని ఉంటాయో అట్లా, కుడి పైభాగమంతా. ఆ పీచు నడుమ ఒకచోట రంగు మసకగా చెమర్చింది. అక్కడే కారుతున్నది.

అయినా మూయలేదు. అదే రంగు మందును మళ్లీ ఎక్కించి ఇంకోసారి చూశారు, ఈసారి వెతికింది వేరే దానికోసం. కొందరిలో వెన్నుపాముకు నెత్తురు మోసే నాళం కూడా ఇదే మొదలు నుంచి చీలుతుంది. తెర మీద జడపిన్ను వంపులాగ కనిపిస్తుంది. అది చూడకుండా మందు వదిలితే నెత్తురు ఆగుతుంది గానీ మనిషి నడుం కింద చచ్చుబడతాడు. జడపిన్ను లేదు. “వేళ్లు కదిలియ్యన్నా.” కదిలించాడు.

అప్పుడు మొదటి గొట్టం లోపలి నుంచి ఇంకా సన్నటి గొట్టాన్ని పీచు వేర్ల దాకా తోసి, రేణువులు వదిలారు. పాలీవినైల్ ఆల్కహాల్ రేణువులు, ఒక్కోటి మిల్లీమీటరులో మూడో వంతు నుంచి సగం దాకా, సన్న బొంబాయి రవ్వంత. ఇంకా సన్నవైతే జారిపోకూడని చోటికి జారిపోతాయి, లావువైతే మొదట్లోనే ఆగిపోయి లోపలి కొమ్మలు బతికే ఉంటాయి. రవ్వను రంగు మందులో కలిపి, గుండె కొట్టుకున్నప్పుడల్లా ప్రవాహమే మోసుకుపోయేలా కొద్దికొద్దిగా. ఐదు నిమిషాలకు పీచు వేర్లు ఒక్కొక్కటీ తెర మీంచి మాయమయ్యాయి. కొమ్మలు కొట్టేసిన మోడులాగ ఒక్క మొదలు మిగిలింది.

ఫ్రాన్స్‌లోని లిల్ నగరంలో జాక్ రెమీ బృందం ఈ పని మొదలుపెట్టింది 1973 ప్రాంతంలో. 1977లో వాళ్లు 104 మంది సంగతి రాశారు. నెత్తురు కారుతుండగానే చేసిన 49 మందిలో 41 మందికి అక్కడికక్కడే ఆగింది. అప్పటికి ఇట్లాంటి రోగులకు కోత తప్ప వేరే దారి పెద్దగా లేదు. కోత తట్టుకునే ఓపిక ఎక్కువ మందికి ఉండేదే కాదు.

గొట్టం తీసేసి గజ్జల్లో పావుగంట అదిమి పట్టారు. కుట్టు లేదు, చిన్న బ్యాండేజీ. ఆరు గంటలు కాలు ముడవకూడదన్నారు. ఆ రాత్రి ఛాతీలో నొప్పి వచ్చింది, కాస్త జ్వరం కూడా. మూసిన కొమ్మల తాలూకు కోపం అది, రెండు రోజుల్లో తగ్గింది. తెల్లారి దగ్గితే తెమడలో పాత నల్లటి గడ్డలు తప్ప ఎర్రటిది లేదు.

“అయిపోయిందా సారూ? బూజు పోయిందా?” అక్క అడిగింది.

నాకు నచ్చిన జవాబు ఆ రేడియాలజిస్టుది. “లేదమ్మా. నేను నల్లా కట్టేసిన. పాడు గదిలో ఉన్నోడు అట్లనే ఉన్నడు.”

‘కోత లేదు, కుట్టు లేదు, నొప్పి లేదు’ అని బోర్డులు రాసేవాళ్లు ఈ రెండో వాక్యం రాయరు. బూజు ఉండ ఉన్నన్నాళ్లూ అది గీరుతూనే ఉంటుంది, మూసిన దారి పక్క నుంచి కొత్త దార్లు తవ్వుకుంటుంది. పక్కటెముకల నాళాల నుంచి, భుజం కింది నుంచి, ఎక్కడెక్కడి నుంచో. ఈ జబ్బులో ఎంబొలైజేషన్ తర్వాత నెత్తురు మళ్లీ పడటం మిగతా జబ్బులకన్నా ఎక్కువ. తొడలో పొడిచిన సూది ఇచ్చింది గడువు. ఆ గడువులో ఏం చేశామన్నదే లెక్క.

చేయాల్సింది గోలీలు మింగడం. ఇట్రాకొనజోల్, పొద్దున సాయంత్రం. మొదటి పనిగా పాత టీబీ గోలీలు ఆపించారు. దీంట్లో ఒక ఘోరం దాగి ఉంది. మూత్రాన్ని నారింజ రంగుకు తిప్పే రిఫాంపిసిన్ కాలేయాన్ని రెచ్చగొట్టి ఈ బూజు మందును ఎప్పటికప్పుడు విరగ్గొట్టిస్తుంది. రెండూ కలిపి వేసుకుంటే ఇట్రాకొనజోల్ రక్తంలో దాదాపు మిగలదు. అంటే తప్పుడు టీబీ మందు ఊరికే పోవడం లేదు, అసలు మందుకు అడ్డం నిలబడుతున్నది. కడుపులో పులుపు తగ్గించే గ్యాసు గోలీలూ ఈ క్యాప్సూళ్లకు పడవు. తిన్న వెంటనే వేసుకోవాలి, అవసరమైతే కూల్‌డ్రింక్‌తో. దవాఖానలో డాక్టరు నోటి నుంచి కూల్‌డ్రింక్ తాగమన్న మాట విని అక్క కొడుకు సంబరపడ్డాడు. పులుపు ఉంటేనే మందు ఒంటికి పడుతుంది, కారణం అంతే.

ఎన్నాళ్లు? చండీగఢ్‌లో 164 మంది మీద చేసిన పరీక్ష 2022లో లాన్సెట్ పత్రికల్లో ఒకదానిలో వచ్చింది. ఆరు నెలలు వాడి ఆపినవాళ్లలో 38 శాతం మందికి తిరగబెట్టింది, ఏడాది వాడినవాళ్లలో 10 శాతం మందికి. ఈయనకు ఏడాది రాశారు. గోలీలు కూడా కుదరనివాళ్లకు సీటీ చూస్తూ చర్మం మీది నుంచి సన్న గొట్టం నేరుగా గుంతలోకి దించి యాంఫోటెరిసిన్ మందు నింపే పద్ధతి ఉంది. బ్రాంకోస్కోపుతో ఉండను ముక్కలు ముక్కలుగా బయటికి లాగిన డాక్టర్లూ ఉన్నారు. అవి అందరికీ పనికొచ్చేవి కావు, ఎక్కడపడితే అక్కడ దొరికేవీ కావు.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. బూజు గోలీలది అజోల్ కుటుంబం. పొలంలో పంట తెగుళ్లకు కొట్టే టెబుకొనజోల్, ప్రొపికొనజోల్ వీటికి తోబుట్టువులే. పొలంలో ఆ మందులకు అలవాటు పడిన ఆస్పర్‌జిల్లస్ మనిషి ఊపిరితిత్తిలోకి వచ్చేసరికి గోలీలకు లొంగదు. యూరప్‌లో మొదట బయటపడ్డ ఈ మొండి రకాన్ని ఢిల్లీలోని పటేల్ ఛాతీ వైద్య సంస్థకు చెందిన అనురాధ చౌధరి బృందం 2012లో మన నేలలోనూ పట్టి చూపింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తొలిసారి ప్రమాదకర శిలీంద్రాల జాబితా వేస్తే, అందులో అత్యంత తీవ్రమైన వర్గంలో పెట్టిన నాలుగింటిలో ఈ బూజు ఒకటి. పురుగుమందు దుకాణంలో పక్క రైతు కొన్న డబ్బానే మనమూ కొనుక్కుని వచ్చేటప్పుడు ఈ లెక్క ఎవరికీ గుర్తుకు రాదు.

సంక్రాంతి తర్వాత పత్తి అమ్మారు. రేటు ఏమంత పెరగలేదు. మరక పడ్డ పై పొరను ఆమె ముందే తీసి వేరుగా మూట కట్టింది, అది ఎవరికీ అమ్మలేదు. ఆయన మంచం వాకిట్లోకి మారింది. డాక్టరు చెప్పినట్టు, గడ్డి విప్పే పని, పెంట తోలే పని తమ్ముని కొడుకుకు ఇచ్చాడు.

నాలుగో నెలలో పాదాలు ఉబ్బాయి. మందు చేసే పనే అది, గుండె పరీక్ష చేసి మోతాదు సర్దారు. ఐదో నెలలో ఒక పొద్దున తెమడలో ఎర్రటి చార. ఈసారి ‘వేడి చేసింది’ అనలేదు. బస్సెక్కి కరీంనగర్‌లో దిగి, అక్క గడపలో నిలబడి “సంచి తియ్యక్కా” అన్నాడు.

కొత్త ఫోటో తీశారు. ఉండ కాస్త చిన్నదైంది, గోడ పలుచబడింది. నెలవంక పెద్దదైంది. చార తనంతట తానే ఆగింది. ఇంకో మూడు నెలలకు రమ్మన్నారు.

ఇంటికొచ్చాక అక్క కొడుకును కూర్చోబెట్టి ఒక్కో ఫిల్ము కవరు మీద తారీఖు రాయించింది. ఎనిమిదేండ్ల కిందటిది, నిరుటిది, ఆదిలాబాద్‌ది, స్కాన్‌ది, ఇయ్యాల్టిది.

“ఇంకేం రాయాలె?” అన్నాడు వాడు పెన్ను పట్టుకుని.

ఆమె చాట ఒళ్లోకి లాక్కుంది. ఒక ఆకు అందుకుని కత్తెర ఆడించింది.

“సంచి మీద పెద్దగా రాయి. మామది అని రాయి. ఇల్లు సున్నమేసినప్పుడు ఎవడన్న పారేస్తడు.”